అరెస్టయితేనే ఆసుపత్రి

ప్రభుత్వం బెల్టు బిగించుకోమన్నప్పుడు బిగించుకోనివాడు పౌరుడే కాడు!

ఈ మాట నేను ఈ వారపత్రికలో పదకొండేళ్లుగా అంటున్నాను. "మాస్టారూ, మాకసలు బెల్టే లేదు, ఏం బిగించుకోమంటారు?" అని కొందరు పాఠకులు ఉత్తరాలు రాస్తుంటారు. ఇంట్లో తాడైనా లేదా? అన్నీ ప్రభుత్వమే చెప్పాలా?

పొదుపు వల్ల మా ఊరు ఐన్ జర్జూర్‌కి జరిగిన మేలు ఒకటా రెండా? వీధిదీపాలు తీసేశారు. మా ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లు కూడా ఎన్నడూ చూడని నక్షత్రాలు ఇప్పుడు కనిపిస్తున్నాయి. రొట్టె సైజు తగ్గించారు. రెండు వేళ్లతో ఎత్తి నోట్లో పెట్టుకోవచ్చు, ముసలివాళ్లకి ఎంత సుఖం! పోస్టాఫీసు వారానికి ఒక్కరోజే తెరుస్తున్నారు. చెడ్డవార్తలన్నీ మంగళవారం నాడే వచ్చి పడతాయి. మిగతా ఆరు రోజులూ ఊరంతా కులాసా. బళ్లో లెక్కల మాస్టారు రిటైరైతే ఆయన చోట్లో ఎవర్నీ వెయ్యలేదు. ఇంకో పదేళ్లలో, రొట్టె ఎంత తగ్గిందో లెక్క కట్టగలిగినవాడు మా ఊళ్లో ఒక్కడూ మిగలడు. మన ట్యునీషియా ప్రభుత్వానికి ముందుచూపు లేదన్నవాడి నోట్లో కారం కొట్ట!

ఇంత మేలు జరుగుతుంటే కొందరు వీధిలోకొచ్చి అరుస్తారు. అరుపులంటే నాకు పడదు. ముప్ఫై నాలుగేళ్లు అరబ్బీ వ్యాకరణం చెప్పి రిటైరైనవాణ్ణి. గోడల మీద నినాదాలు చదివితే నాకు బీపీ పెరుగుతుంది. "ప్రభుత్వం దిగిపోవాలి" అని రాయడానికి ఐదు తప్పులు! దిగిపొమ్మనేవాడు కనీసం విభక్తి సరిగ్గా వాడొద్దా?

అలాంటి నేను ఈ వారం అసమ్మతిని వెనకేసుకొస్తున్నాను. కంగారుపడకండి, నేనేం మారలేదు. పొదుపు కోసమే ఈ పని. ఎలాగంటారా? వినండి.

మా పక్కింటి ఖమైస్ ఫాస్ఫేటు గనిలో పనిచేసి వచ్చినవాడు. అరవై నాలుగేళ్లు. రెండు కిడ్నీలూ పోయాయి. సోమ, బుధ, శుక్రవారాల్లో పట్నం ఆసుపత్రికెళ్లి, నాలుగేసి గంటలు డయాలిసిస్ యంత్రం పక్కన పడుకోవాలి. మా ఊళ్లో అలాంటివాళ్లు ఐదుగురు. పట్నం యాభై రెండు కిలోమీటర్లు. పొద్దున్న ఆరున్నరకి ఒక బస్సుండేది. దాని తలుపు తాడుతో కట్టి ఉండేది, హారన్ తప్ప అన్నీ మోగేవి, అయినా చేర్చేది.

ఆ బస్సు నష్టాల్లో ఉందని కనిపెట్టారు. రద్దు చేశారు. "ప్రయాణికులు తమకు అనుకూలమైన ఇతర మార్గాలు చూసుకోగలరు" అని నోటీసు అంటించారు. చక్కటి వాక్యం. ఒక్క తప్పు లేదు.

ఇతర మార్గాలు చూసుకున్నారు. ఐదుగురూ కలిసి అద్దె కారులో రెండు వారాలు తిరిగారు. మూడో వారానికి ఖమైస్ భార్య మబ్రూకాకి అమ్ముకోవడానికి మేకలు మిగల్లేదు.

మబ్రూకా మనిషి పొట్టి, గొంతు గట్టి. ఒక సోమవారం పొద్దున్నే ఐదుగురు రోగుల్నీ వెంటేసుకుని, ఒక ఖాళీ గ్యాస్ సిలిండరూ ఒక గరిటే పట్టుకుని మున్సిపల్ ఆఫీసు ముందుకెళ్లింది. గరిటెతో సిలిండర్ మీద కొడుతూ అరిచింది. రోగులు చేతనైనంత అరిచారు. వాళ్ల వెనక గోడ మీద రంగుతో నినాదం రాశారు. చూశాను. గుండె ఆగినంత పనైంది. పరుగెత్తుకెళ్లి బ్రష్షు లాక్కున్నాను.

"మబ్రూకా, 'మా బస్సు మాకివ్వాలి' అన్నప్పుడు బస్సు కర్త కాదమ్మా, కర్మ!" అన్నాను.

"కర్మ బస్సుది కాదు మాస్టారూ, మాది. మా ఆయన కాళ్లు చూడండి, ఎట్టా ఉబ్బాయో" అంది, సిలిండర్ వాయించడం ఆపకుండానే.

పోలీసు వ్యాను వచ్చింది. అందులోంచి సార్జెంట్ జల్లూల్ దిగాడు. నా దగ్గర చదువుకున్నవాడే. ఒకే క్లాసు మూడేళ్లు చదివాడు కాబట్టి మిగతావాళ్లకంటే ఎక్కువే చదువుకున్నాడని చెప్పాలి. పొదుపుకి వ్యతిరేకంగా గుమిగూడితే పట్టుకోవాలని అతనికి ఆర్డరుంది. ఐదుగురినీ మబ్రూకానీ ఎక్కించాడు. చేతిలో బ్రష్షుతో నిలబడ్డ నన్ను చూసి తెల్లబోయాడు.

"మాస్టారూ, మీరు కూడానా?"

"నేను తప్పు దిద్దుతున్నానోయ్!"

"అదే సార్, అందరూ అదే అంటున్నారు. ఎక్కండి."

చట్టం ప్రకారం, పట్టుకున్న మనిషిని పట్నంలో జడ్జీ ముందు నిలబెట్టాలి. జబ్బు మనిషైతే ముందు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ సంగతి మాకెవరికీ తెలీదు. జల్లూల్‌కి తెలుసు. దారిలో ఖమైస్ ఎగశ్వాస చూసి, వ్యానుని తిన్నగా ఆసుపత్రి గుమ్మంలోకి పోనిచ్చాడు.

"ఇవాళ ముందే వచ్చారే! బస్సు మళ్లీ వేశారా?" అని నర్సు ఆశ్చర్యపోయింది.

ఐదుగురూ నాలుగు గంటలు యంత్రాల పక్కన పడుకున్నారు. జల్లూల్ కాపలా కాస్తూ వాళ్ల మధ్యనే కుర్చీలో నిద్రపోయాడు. మధ్యాహ్నం జడ్జీ అందర్నీ చెడామడా తిట్టి వదిలేశాడు. వ్యాను ఎలాగూ ఖాళీగా ఊరికి తిరిగి రావాలి కదా. అందులోనే వచ్చాం.

సగం దారి వచ్చాం. అప్పుడు మబ్రూకా గొంతు సవరించుకుంది.

"ఒరేయ్ జల్లూల్, బుధవారం డ్యూటీ నీదేనా?"

ఇక అక్కణ్ణుంచి మా ఊరికి మంచిరోజులు మొదలయ్యాయి! బస్సు ఏనాడైనా టైముకొచ్చిందా? వ్యాను సరిగ్గా ఆరున్నరకి వచ్చేది. బస్సులో నిలబడాలి. వ్యానులో అందరికీ సీటు, పైగా సాయుధ రక్షణ. మంత్రులక్కూడా ఇంత మర్యాద ఉండదు. రోగుల్లో నజీహా అనే వితంతువు ఉంది, నోట్లో నాలుక లేని మనిషి. ఆమె కూర్చోడానికి ఇంటి నుంచి దిండు తెచ్చుకునేది. ఇంకో రోగి, క్షురకుడు తౌఫీక్, దారిపొడుగునా జల్లూల్‌కి పెళ్లి సంబంధాలు చెప్పేవాడు. నేను వారానికి మూడు కొత్త నినాదాలు రాసిచ్చేవాణ్ణి, వ్యాకరణశుద్ధిగా.

"గట్టిగా అరవండి పిన్నీ, ఇంత మెల్లగా అరిస్తే నేను రిపోర్టులో ఏం రాయను?" అని జల్లూల్ నజీహాని బతిమాలేవాడు.

"పొద్దున్నే గొంతు పెగలదు నాయనా. నువ్వే ఏదో ఒకటి రాసుకో" అనేది ఆమె.

ఇలా నెలన్నర గడిచింది. ఇంతలో పైనుంచి ఇంకో సర్క్యులర్ వచ్చింది. పోలీసులు వ్యాన్లకి పెట్రోలు తెగ తాగించేస్తున్నారట. ఇకమీదట నినాదాలకీ తిట్లకీ ఎవర్నీ అరెస్టు చెయ్యరాదు. ఎవరేం మాట్లాడినా వదిలెయ్యాలి.

చదివారా? వాక్ స్వాతంత్ర్యం! దానికోసం మా నాన్నల తరం జైళ్లకెళ్లింది. మాకు పెట్రోలు కోటా అయిపోవడం వల్ల దక్కింది. పొదుపు వల్ల లాభం లేదని ఇంకా ఎవరంటారు?

బుధవారం నాడు ఐదుగురూ మామూలుగానే మున్సిపల్ ఆఫీసు ముందు నిలబడి నినాదాలిచ్చారు. వ్యాను కదల్లేదు. మంత్రిని తిట్టారు. కదల్లేదు. మంత్రి మీసాన్ని, మీసం పెంచిన తల్లిని, ఆ తల్లికి సంబంధం తెచ్చిన పెళ్లిళ్ల పేరయ్యని కూడా తిట్టారు. నోట్లో నాలుక లేని నజీహా అన్న మాటలు ఈ పత్రికలో రాయలేను. జల్లూల్ సర్క్యులర్ చేత్తో పట్టుకుని మెట్లమీద నిలబడ్డాడు.

"ఇంతకన్నా ఏం తిట్టమంటావురా?" అని మబ్రూకా అరిచింది.

"ఏం తిట్టినా లాభం లేదు పిన్నీ. మీరిప్పుడు స్వతంత్రులు" అన్నాడు జల్లూల్.

బుధవారం పోయింది. శుక్రవారం పోయింది. శనివారానికి ఖమైస్ పడుకోలేకపోయాడు. పడుకుంటే ఊపిరాడదు. గోడకి ఆనుకుని కూర్చుంటే మబ్రూకా విసనకర్రతో విసురుతూ ఉంది. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క అద్దె కారు పెళ్లివాళ్లతో తీరప్రాంతానికి వెళ్లిపోయింది.

ఆదివారం పొద్దున తౌఫీక్ చనిపోయాడు. మా ఊళ్లో మగవాళ్లందరికీ మొదటి క్షవరం చేసినవాడు. ఈ ఒక్క సంగతి వెటకారంగా ఎలా రాయాలో నాకు చేతకాలేదు. రెండుసార్లు రాసి కొట్టేశాను. కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఖననం అయ్యాక మబ్రూకా తిన్నగా స్టేషన్‌కెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. జల్లూల్ మట్టి కొట్టుకున్న బూట్లతో బల్ల వెనక కూర్చుని ఉన్నాడు.

"ఏ నేరం చేస్తే తీసుకెళ్తావో చెప్పరా. అదే చేస్తాం" అంది మబ్రూకా.

జల్లూల్ నిబంధనల పుస్తకం తీశాడు. దొంగతనమైతే ముందు విచారణ జరగాలి. దానికి వారం పడుతుంది. ఆస్తికి నష్టమైతే ఇంజినీరొచ్చి చూడాలి. ఇంజినీరు పోస్టు ఖాళీ. పేజీలు తిప్పుతూ ఒక దగ్గర ఆగాడు. పోలీసు మీద చెయ్యి చేసుకుంటే వెంటనే, అదే రోజు, పట్నం తరలించాలి. ఖర్చుకి పరిమితి లేదు.

పుస్తకం మూశాడు. టోపీ తీసి బల్లమీద పెట్టాడు.

"రేపు పొద్దున్నే బాబాయ్‌ని తీసుకురా పిన్నీ" అన్నాడు.

సోమవారం ఆరున్నరకి జల్లూల్ వ్యాను పక్కన నిలబడి చెంప చూపించాడు. ఖమైస్ చెయ్యి ఎత్తి దించేశాడు.

"నిన్ను చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని ఆడించాన్రా. ఎట్టా కొట్టేది?"

"బాబాయ్, ఇంజన్ స్టార్ట్ చేసి ఉంది. పెట్రోలు అయిపోతోంది. కానియ్!"

ఖమైస్ జ్వరం చూసినట్టు అతని చెంప మీద చెయ్యి ఆనించాడు. "తీవ్రమైన దాడి" అని జల్లూల్ రాసుకున్నాడు. మిగతావాళ్లు వరసగా వచ్చారు. ఆఖర్న నజీహా వచ్చింది. ఆమె మాత్రం నిజంగానే కొట్టింది. ఆ చప్పుడుకి మున్సిపల్ ఆఫీసు మీద పావురాలు లేచాయి.

"క్షమించు నాయనా, నిన్ను కాదు" అంది.

"తెలుసు పిన్నీ" అన్నాడు జల్లూల్, చెంప తడుముకుంటూ.

వారానికి మూడు రోజులు, నలుగురు రోగులు, ఒకే చెంప. నెల తిరిగేసరికి రాజధానిలో ఎవరో పెద్ద అధికారి పట్టిక చూసి కుర్చీలోంచి లేచాడట. దేశం మొత్తం మీద పోలీసుల మీద అత్యధిక దాడులు ఐన్ జర్జూర్‌లో! దాడి చేసినవాళ్ల సగటు వయసు అరవై ఒకటి!

బస్సుకి నిధులు లేవన్న ప్రభుత్వం గొప్పతనం అప్పుడు చూడాలి. మూడంటే మూడు రోజుల్లో మా ఊరికి నలభై మందితో అల్లర్లు అణిచే దళం వచ్చింది. హెల్మెట్లు కొత్తవి, డాళ్లు కొత్తవి, గుంపుల మీద నీళ్లు చిమ్మే లారీ ఒకటి కొత్తది. మా ఊళ్లో కొళాయి రోజు విడిచి రోజు వస్తుంది. లారీని చూడగానే ఆడవాళ్లంతా బిందెలతో క్యూ కట్టారు. "చెదిరిపోండి!" అని కెప్టెన్ మైకులో అరిచాడు. "ముందు మా బిందె నింపి తర్వాత చెదరగొట్టు నాయనా" అన్నారు వాళ్లు.

జల్లూల్‌ని ఆఫీసులో కూర్చోబెట్టారు. అతని చెంపకి రక్షణ కల్పించడం ప్రభుత్వ బాధ్యత కదా! ఇక మా రోగులు కొట్టడానికి ఎవరూ లేరు. దళం వాళ్లు చెదరగొడతారే గానీ పట్టుకెళ్లరు. అది వాళ్ల పని కాదట.

కానీ వాళ్లతోపాటు ఇంకోటి వచ్చింది. బస్సు! దళానికి బస పట్నంలో. పొద్దున్నే సగం మందిని దింపి, డ్యూటీ దిగిన మిగతా సగం మందిని ఎక్కించుకుని ఆ బస్సు తిరిగి పట్నం వెళ్లేది. సాయంత్రం ఇంకో ట్రిప్పు. యాభై సీట్లు, ఇరవై మంది మనుషులు. ఏసీ కూడా ఉంది. బయల్దేరే టైము ఎంతనుకున్నారు? ఆరున్నర.

మబ్రూకా కెప్టెన్ దగ్గరకెళ్లింది.

"బాబూ, వెనక సీట్లు ఖాళీగానే పోతున్నాయి. నలుగురు జబ్బు మనుషులు. ఓ మూల కూర్చుంటారు."

"ఇది ప్రభుత్వ వాహనమమ్మా. ప్రజలు ఎక్కకూడదు" అన్నాడు కెప్టెన్.

నాకు ఆ వాక్యం ఎంత నచ్చిందో! రాసుకున్నాను.

మబ్రూకా ఇంటికొచ్చి పొయ్యి వెలిగించింది. దళం వాళ్ల భోజనాల్నీ పొదుపు వదల్లేదు. పొద్దున్నొక ఎండు రొట్టె, సాయంత్రం దాని తమ్ముడు. మబ్రూకా పెద్ద డేగిసాలో శనగలు ఉడకబెట్టి, వెల్లుల్లి, జీలకర్ర, హరీసా కారం కలిపి, ముక్కలు చేసిన పాత రొట్టె మీద పోసి, గుమ్మంలో పెట్టింది. ఆ శనగల లబ్లాబీ వాసన డాళ్లని దాటుకుని వెళ్లింది. మొదట మెహ్రెజ్ అనే కార్పొరల్ వచ్చాడు. ఈతాకులా సన్నగా ఉన్నాడు. రెండు గిన్నెలు తిన్నాడు. మర్నాడు పదిమంది వచ్చారు.

నాలుగో రోజు మెహ్రెజ్ గిన్నె కడిగి బోర్లించి, గొంతు తగ్గించాడు.

"పిన్నీ, మావాళ్లు నలుగురు సెలవు మీద ఉన్నారు. వాళ్ల హెల్మెట్లు, డాళ్లు ఖాళీగా పడున్నాయి."

ఆ శుక్రవారం ఆరున్నరకి నా కళ్లతో చూశాను. బస్సు ముందు, వరసలో, లెక్క ప్రకారం ఇరవై హెల్మెట్లు. చివర నాలుగు కాస్త వంగి ఉన్నాయి. నజీహా డాలు పట్టుకోలేక దానికి ఆనుకుని నిలబడింది. కెప్టెన్ లెక్కపెడుతూ వచ్చి ఖమైస్ ముందు ఆగాడు. డాలు కింద నుంచి ఉబ్బిన పాదాలు, రబ్బరు చెప్పులు కనిపిస్తున్నాయి.

"కొత్తవాడివా?"

"అవునండి" అన్నాడు ఖమైస్.

"వయసు?"

"ఇరవై నాలుగండి."

కెప్టెన్ ఆ చెప్పులవైపు ఓసారి చూశాడు. తర్వాత, "గడ్డం తెల్లబడింది, గీసుకో" అని ముందుకెళ్లిపోయాడు.

పాఠకులారా! అసమ్మతి వల్ల దేశం చెడిపోతుందనే వాళ్లకి ఇప్పుడైనా బుద్ధి రావాలి. మా ఊళ్లో ఇప్పుడు అసమ్మతి ఒక్కటే సక్రమంగా నడుస్తున్న ప్రజాసేవ. చిక్కల్లా ఒకటే. పదిరోజుల పాటు ఏ గొడవా జరక్కపోతే దళాన్ని వెనక్కి పిలిపించేస్తారట. దళం పోతే బస్సు పోతుంది. కాబట్టి ఊరివాళ్లం కూర్చుని అల్లర్ల కమిటీ వేసుకున్నాం. కార్యదర్శిని నేనే. ప్రతి శనివారం వంతులవారీగా, ఇంటికొకరు, ఒక్కొక్కరు ఒక్కో రాయి. అద్దాల జోలికి పోకూడదు, రాయి ఖర్జూరం గింజని మించకూడదు.

మొన్న రాజధాని నుంచి ఒక అధికారి వచ్చి మా కోపానికి మూలకారణం ఏమిటని అడిగాడు. "బస్సు" అన్నాం. "అదెలాగూ కుదరదు, అసలు కారణం చెప్పండి" అన్నాడు. "మూలకారణం తెలియరాలేదు" అని రాసుకుని, రెండో దళాన్ని పంపమని సిఫార్సు చేసి వెళ్లాడు.

ఇదంతా అచ్చులో పెడితే పైవాళ్లకి తెలిసిపోదా అని మీకు భయంగా ఉందేమో. ఉండక్కర్లేదు. బస్సు రద్దయిన వారం నుంచి, ఈ చేత్తో, ఒక్క దోషం లేకుండా, వాళ్లకి పదిహేడు ఉత్తరాలు రాశాను. చదివేవాళ్లే అయితే మొదటిదే చదివేవాళ్లు. తౌఫీక్ ఇవాళ నా జుట్టు కత్తిరిస్తూ ఉండేవాడు.

పోయిన శనివారం ఖమైస్ ఇంటి వంతు వచ్చింది. "నీకు మినహాయింపు ఉందయ్యా" అన్నాను. వినలేదు. ఊరికోసం తన రాయి తనే వేస్తానన్నాడు. మబ్రూకా భుజం పట్టుకుని వీధి మధ్యకొచ్చాడు. ఎదురుగా డాళ్ల వరస. ఊపిరి కూడదీసుకుని విసిరాడు. రాయి సగం దూరంలో పడింది. ఇంకోటి వేశాడు. అదీ అంతే. మూడోది అతని కాళ్ల దగ్గరే పడింది. కెప్టెన్ నోటుబుక్కు తెరిచి ఎదురుచూస్తున్నాడు.

అప్పుడు కార్పొరల్ మెహ్రెజ్ వరసలోంచి బయటికొచ్చాడు. ఆరడుగులు ముందుకు నడిచి, ఖమైస్ ఎదురుగా నిలబడి, డాలు కాస్త కిందికి దించి పట్టుకున్నాడు.

"ఇప్పుడు వెయ్యి బాబాయ్. అందుతుంది."

రాయి డాలుకి తగిలి టక్కుమంది. "ఉద్రిక్తత కొనసాగుతోంది" అని కెప్టెన్ రాసుకున్నాడు.

సోమవారం బస్సుకి ఢోకా లేదు.